అడగక్కర్లేని చేలు

మొన్న వానాకాలంలో ఒక అమ్మాయి మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. మెడలో ఐడీ కార్డు, చేతిలో ట్యాబు, చెప్పులకు బురద. మొయినాబాదు నుంచి చేవెళ్ల పోయే దారిలో, మా పాత ఊరి పొలాల్లో విల్లాలు కడుతున్న కంపెనీలో పని చేస్తుందట.

"మేము అందరి లెక్క అంత చదును చేసి అమ్ముతలేము ఆంటీ. మీ ఊరు ఎట్లుండెనో అట్లనే కాపాడుతున్నం. పాతోళ్లు ఎవరన్న ఒకసారి చూసి చెప్తే మంచిగుంటదని వచ్చిన" అంది.

నేను సర్కారు దవాఖానాలో నర్సుగా చేసి రిటైరైనదాన్ని. మోకాళ్లు సహకరించవు. అయినా వాళ్ల కారులో వెళ్లాను.

ఆ అమ్మాయి అబద్ధం చెప్పలేదు. గుట్ట అలాగే ఉంది. గుట్ట మీద ఒకదానిమీద ఒకటి కూర్చున్న గుండ్లు అలాగే ఉన్నాయి. చింతచెట్లను కొట్టలేదు. గట్లను చెరపలేదు. పాత బావి చుట్టూ ఇనుప కటకటాలు పెట్టి, లోపల దీపాలు అమర్చారు. కాలిబాట పక్కన జొన్నచేను కూడా వేశారు. ఒత్తుగా, పచ్చగా, నడుముల ఎత్తున ఉంది.

"కోస్తరా?" అని అడిగాను.

"లేదాంటీ. పిట్టల కోసం, ఫొటోల కోసం. ఎండినంక దున్నేస్తం."

చేను నడుమ తోటపని మనిషి ఒకాయన కూర్చుని, జొన్న కానిదాన్నంతా పీకి ప్లాస్టిక్ సంచిలో వేస్తున్నాడు. ఆ సంచి అంచున తెల్లపూల తుమ్మి కొమ్మ ఒకటి వేలాడుతోంది. దాని కింద చెంచలి, గంగవాయిలి. నా చేయి దానంతట అదే ముందుకు పోయింది.

"ముట్టకుండ్రి ఆంటీ. నిన్ననే మందు కొట్టిన్రు" అంది ఆ అమ్మాయి కంగారుగా. తర్వాత ట్యాబు తెరిచి, "ఇంకేమన్న మిస్సయ్యిందా? చెప్పుండ్రి, పెట్టిస్తం" అంది.

అన్నీ ఉన్నాయి. ఉన్నవాటిలో ఏది లేదో ఆ పిల్లకు ఎట్లా చెప్పను? బాగుందమ్మా అని వచ్చేశాను. ఆమెకు చెప్పలేనిది ఇక్కడ చెప్పుకుంటాను.

మా వాడ ఊరికి ఎడంగా ఉండేది. రేకుల చర్చి చుట్టూ కొన్ని మట్టి ఇళ్లు. మాది మా అవ్వ ఇల్లు, అంటే బాపు తల్లిది. అవ్వ పొట్టిగా, నల్లగా, ఎండిన చింతబరికెలా ఉండేది. చేతుల నిండా పచ్చబొట్లు. బాప్తిస్మం తీసుకున్నాక వాటి పక్కనే చిన్న సిలువ కూడా పొడిపించుకుంది. చుట్ట తాగేది. చర్చి అయ్యగారు వాడలోకి వస్తున్నాడంటే, వెలిగించిన చుట్టను తట్ట కింద దాచి, ఆ తట్ట మీదే కూర్చుని "వందనాలు అయ్యగారూ" అనేది. తట్ట సందుల్లోంచి పొగ వచ్చేది. నేనూ చెల్లె నవ్వు ఆపుకోలేక ఇంటి వెనక్కి ఉరికేవాళ్లం.

తొలకరి పడి జొన్న మోకాలి ఎత్తుకు వచ్చిందంటే అవ్వ పొద్దున్నే లేచి కొంగు బిగించేది. "పాండ్రే, కూరకు పోదాం" అనేది. కూరకు పోవడమంటే బజారుకు కాదు, వాటంతటవే మొలిచే ఆకుకూరలు గిల్లడానికి. చేలల్లోకి. ఎవరి చేలల్లోకైనా. మాకు సొంతంగా ఉన్నది ఇంటి ముందున్న వాకిలి మాత్రమే. కానీ అవ్వ దృష్టిలో ఊరి చేలన్నీ మా వంటింటి దారులే. గుండ్ల కింది చెలకలో తుమ్మి బాగా వస్తుంది. చిత్తడి చేనులో గంగవాయిలి. ఒంటితాటి చెలకలో చెంచలి, గునుగు. ప్రతి చేనుకూ ఒక పేరుండేది, ప్రతి పేరుకూ ఒక కూర రుచి ఉండేది.

"మనం ఎవ్వల్ని అడగమా అవ్వా?" అని ఒకసారి అడిగాను.

అవ్వ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "ఎందుకడుగుతరే? వాళ్లు ఇత్తింది జొన్న. మనం తెంపేది జొన్న కాదు గద."

అడగక్కర్లేదు గానీ, ఇష్టం వచ్చినట్టు చేయడానికీ లేదు. సాలులో కాలు పెడితే వీపు మీద చరిచేది. వేరుతో పీకితే, "చిగురు గిల్లు పోరీ, మల్ల రావాల్నా వద్దా?" అని తిట్టేది. పూతకొచ్చిన మొక్కను ముట్టనిచ్చేది కాదు. అది వచ్చే ఏడుకట. కోత రోజున రైతు ఇంటివాళ్లు చేను దిగకముందు మేం దిగకూడదు. ఇవన్నీ ఎవరు పెట్టారో, ఎప్పుడు పెట్టారో ఎవరికీ తెలియదు. రైతులు కూడా వాటికి కట్టుబడే ఉండేవాళ్లు. పైగా మేం తిరిగిన చేనులో కలుపు తక్కువుంటుందని, రెండు రోజులు కనిపించకపోతే "ఏమే, మా దిక్కు వస్తలేరు?" అని వాళ్లే అడిగేవాళ్లు.

పిల్లలం కూరతో ఆగేవాళ్లం కాదు. పెసరకాయలు తెంపి పరికిణీలో దాచేవాళ్లం. తీగెల కింద బుడంకాయలు వెతికేవాళ్లం. పాలు పట్టిన జొన్నకంకి కనిపిస్తే ప్రాణం లాగేది. మంచె మీద కావలి తాత వడిశెల తిప్పి "ఎవల్రా అక్కడ" అని అరిచి రాయి విసిరేవాడు. ఆ రాయి ఎప్పుడూ మాకు చాలా దూరంలోనే పడేది. పిట్టను గురిచూసి కొట్టే తాతకు మేం మాత్రం ఎందుకు తగలమో చిన్నప్పుడు అర్థం కాలేదు.

ఆ చేలల్లో ఎక్కువ భాగం ఊరి పటేలు ఇంటివి. పటేలు చనిపోయాక ఆయన భార్య పెత్తనం చేసేది. మేమంతా ఆమెను దొరసాని అనేవాళ్లం. పొడుగ్గా, బక్కగా, చేతికర్రతో గట్ల మీద నడిచేది. అవ్వ ఈడుదే. అవ్వ కనిపిస్తే ఆగేది.

"ఏమే ముసల్దానా, ఇయ్యాల ఏం దొరికింది?"

"తుమ్మికూర దొరసానీ. లేతగున్నది."

"నాకింత పెట్టి పో. ఇంట్ల కోడలికి తుమ్మి ఏదో గడ్డి ఏదో ఎరుక లేదు."

అవ్వ ఒడిలోంచి మంచిదంతా ఏరి గట్టు మీద పెట్టేది. పెట్టి వెనక్కి జరిగేది. అప్పుడు దొరసాని వంగి తీసుకునేది. చేతికి చెయ్యి తగలకుండా అది జరగాలి. ఇద్దరూ దాన్ని ఎంత అలవాటుగా చేసేవాళ్లంటే, చూసేవాళ్లకు అందులో ఏమీ కనిపించదు.

అందుకే ఆ రోజులు బంగారమని నేననను. ఆ చేలల్లోకి మమ్మల్ని రానిచ్చారు గానీ, వాళ్ల బావిలో మా బిందె ముంచనివ్వలేదు. దాహమైతే దోసిలి పట్టి నిలబడితే పైనుంచి పోసేవాళ్లు. ఆ సంగతి మరిచిపోయి ఆ కాలాన్ని మెచ్చుకోవడం నాకు చేతకాదు. కానీ కూరకు పోయినప్పుడు మా అవ్వ తల ఎత్తుకుని నడిచేది. ఇదీ నిజమే.

తర్వాత వాన పడని ఏడు వచ్చింది. మృగశిర పోయింది. ఆరుద్ర పోయింది. చర్చిలో వాన కోసం ఉపవాస ప్రార్థనలు పెట్టారు. "తినేదే లేదు, ఉపాసమేందో" అంది అవ్వ, అయ్యగారికి వినపడకుండా. ఇత్తనాలకు దాచిన జొన్నలు కూడా దంచుకుని తినేశారు. బాపు కూలికి పట్నం పోయాడు. అమ్మ రోడ్డు పనికి కంకర మోసేది. అంబలి పొద్దుకోసారి పలచబడుతూ వచ్చింది. చివరికి గిన్నెలో నా ముఖం కనిపించేది. చింతచిగురు అయిపోయింది. చెట్లకు అందినంత మేర ఆకు లేదు. చెలకలన్నీ కాలిన పెంకులా ఉన్నాయి. గునుగు కూడా మొలవలేదు.

ఊరంతటిలో పచ్చగా ఉన్నది ఒక్కటే చోటు. గుండ్ల కింది చెలక.

దొరసాని కొడుకును చిన్న పటేలు అనేవాళ్లు. అంతకు ముందటేడే ఆయన ఆ చెలకలో అంగూరు తోట, అదే ద్రాక్షతోట వేశాడు. రాతి కడీలు పాతి, పైన తీగలు లాగి పందిరి వేశాడు. బోరు వేయించాడు. చుట్టూ ముళ్లతీగ కట్టించి ఇనుప గేటు పెట్టించాడు. మా ఊళ్లో ముళ్లతీగను నేను చూడటం అదే మొదలు. దానికి ఎప్పుడూ ఏదో ఒకటి చిక్కుకుని ఉండేది. మేక బొచ్చు, చీర పేలిక. ఆయన చెడ్డవాడు కాదు. జొన్న వేసి ఎవడు బాగుపడ్డాడు అనేవాడు. ఆ మాటలో తప్పేమీ లేదు.

ఊరు ఎండిపోతుంటే ఆ పందిరి కింద మాత్రం బోరు నీళ్లు పారేవి. నీళ్లు పారిన చోటల్లా తుమ్మి, చెంచలి, గంగవాయిలి మొలిచాయి. ఎన్నడూ లేనంత లావుగా, నిగనిగలాడుతూ మొలిచాయి. వాడ ఆడవాళ్లు పనికి పోతూ వస్తూ ఆ తీగ దగ్గర ఆగేవాళ్లు. అవ్వ తీగను పట్టుకుని కళ్లతోనే తింటున్నట్టు చూసేది. చెల్లె ఏడ్చేది. ఆకలిని కడుపునొప్పి అనుకునేది. "కడుపుల కుడ్తున్నదవ్వా" అనేది.

ఒకరోజు పొద్దున అవ్వ నన్ను వెంటబెట్టుకుని పటేలు ఇంటికి బయల్దేరింది. దారంతా తనలో తాను గొణుక్కుంది. "గీ బతుకుల కూరకు ఎవ్వల్ని అడగలే. ఎట్లడగాల్నో కూడ తెలుస్తలేదు" అంది నాతో. గడపకు దూరంగా నిలబడి పిలిచింది.

"దొరసానీ, అంగూరు తోటల కూర మొలిసింది. పిల్లలు మాడుతున్నరు. జర గేటు తెరిపియ్యి."

దొరసాని అరుగు మీదికి వచ్చింది. కాళ్ల నొప్పులతో ఆమె చేల వైపు వచ్చి ఏడాది దాటింది. తోట వేశారని తెలుసు గానీ, కళ్లతో చూడలేదు.

"గేటేందే?"

"చిన్న పటేలు పెట్టిచ్చిండు. తాళమేసిన్రు."

"కూరకు పొయ్యేటానికి గేటేంది?" అంది ఆమె. కోపంగా కూడా కాదు, అర్థం కానట్టు. కొంచెంసేపు అవ్వనే చూసింది. అవ్వ ఎంత చిక్కిపోయిందో అప్పుడే గమనించినట్టుంది. తర్వాత లోపలికి పోయి తాళంచెవి తెచ్చింది. చిన్న పటేలు పట్నం పోయి ఉన్నాడు. కోడలు ఏదో అనబోతే, "నువ్వు ఊకో" అని కర్ర పట్టుకుని మెట్లు దిగింది.

ఆమె ముందు, మేం వెనక. మమ్మల్ని చూసి వాడ ఆడవాళ్లు ఒక్కొక్కరే బయల్దేరారు. గేటు దగ్గర కొత్త కావలివాడు ఉన్నాడు. పక్క ఊరివాడు. లేచి నిలబడి నసిగాడు.

"చిన్న పటేలు ఎవ్వల్ని రానియ్యొద్దన్నడు దొరసానీ. మొన్ననే మందు గూడ కొట్టిన్రు."

"దేనికి కొట్టిన్రు?"

"అంగూర్లకు."

"అంగూర్లకు కొడితే కూరకేమయితదిరా? మందంటే మంచికే గద" అంది దొరసాని. అవ్వ కూడా తల ఊపింది. వాళ్లిద్దరికీ తెలిసిన మందు ఒక్కటే, దవాఖానాలో ఇచ్చేది. ఆమె తన చేత్తోనే తాళం తీసింది. గేటును భుజంతో నెట్టి, "పోండ్రి. మీరు పోని చేను మా ఇంట్ల ఎన్నడున్నదే?" అంది.

ఆ పొద్దును నేను మరువలేను. ఆడవాళ్లు లోపలికి ఉరకలేదు. చెప్పులు గట్టున విడిచి, ఒక్కొక్కరే వంగి, చిగుళ్లు గిల్లుతూ పోయారు. అంత ఆకలిలోనూ ఎవరూ వేరుతో పీకలేదు. ఆకులు మెత్తగా, చల్లగా ఉన్నాయి. ఏదో ఘాటు వాసన వేస్తోంది. అవ్వ వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, "అంగూర్ల వాసనేమో" అంది. మాలో ఎవరికీ అంగూర్ల వాసన ఎలా ఉంటుందో తెలియదు.

మధ్యాహ్నానికి వాడ వాడంతా కూర వాసన. చాలా రోజుల తర్వాత అన్ని పొయ్యిల్లోంచీ పొగ లేచింది. అవ్వ ఎండుమిర్చి నలిపి, వెల్లుల్లి దంచి వేసి, కూరలో గుప్పెడు జొన్నపిండి కలిపింది. జొన్నరవ్వతో కొంచెం గటుక వండింది. అవ్వ ప్రార్థన ఎప్పుడూ పొడుగ్గా ఉంటుంది. ఊరిలో ప్రతివాళ్ల పేరూ వస్తుంది. ఆ రోజు మాత్రం "తండ్రీ, గేటు తీసినామెను సల్లగ సూడు" అని ఆపేసింది. గటుక అంతా నాకూ చెల్లెకూ అమ్మకూ పెట్టి, మీద కొద్దికొద్దిగా కూర వేసింది. తను మాత్రం గటుక లేకుండా కూరే తిన్నది. గిన్నె నిండా. తింటూ కళ్లు మూసుకుంది. "పానం లేసి వచ్చిందే" అంది.

పొద్దు వాలకముందే మొదలైంది. ముందు చెల్లె కక్కింది. తర్వాత నేను. పక్కింట్లోంచి ఏడుపు వినిపించింది, ఆ పక్కింట్లోంచి ఇంకొకటి. నా కళ్ల ముందు అంతా మసకగా ఉంది. అవ్వ గోడకు ఆనుకుని కూర్చుంది. నోట్లోంచి చొంగ ఆగకుండా కారుతోంది. ఒళ్లంతా చెమట, చేతుల కండరాలు వాటంతటవే అదురుతున్నాయి. నర్సునయ్యాక అలాంటి మనుషులను ఎంతోమందిని చూశాను. పురుగుమందు లోపలికి పోయినవాళ్లను చూడగానే పోల్చేదాన్ని. ఆ రోజు మాత్రం మా వాడలో ఎవరికీ ఏమీ తెలియలేదు. ఏదో గాలి సోకిందన్నారు. అమ్మ ఉప్పునీళ్లు తాగించింది. అయ్యగారు తలల మీద చేతులు పెట్టి ప్రార్థించాడు. ఆయన చేతులు కూడా వణికాయి. ఆయనా తిన్నాడు.

దొరసాని కచ్చరం తోలించుకుని వచ్చింది. గూడు కట్టిన ఎడ్లబండి అది, వాళ్ల ఇంటి ఆడవాళ్లు ఊళ్లకు పోవడానికి ఉన్నది. ఆమె మా వాడలో అడుగు పెట్టడం అదే మొదలు. ఎక్కడ తొక్కాలో తెలియనట్టు వాకిట్లో నిలబడింది. తర్వాత నేరుగా అవ్వ దగ్గరికి వచ్చి కూలబడింది.

"ఏమే... ఏమయిందే నీకు?"

పిల్లలను, అవ్వను కచ్చరంలో ఎక్కించారు. మిగిలినవాళ్లకు ఇంకో బండి కట్టారు. దొరసాని కూడా ఎక్కి కూర్చుంది. అవ్వ తల బండి పలకలకు కొట్టుకుంటుంటే తీసి తన ఒడిలో పెట్టుకుంది. అవ్వ కక్కింది ఆమె తెల్లచీర మీద పడింది. కొంగుతో అవ్వ మూతి తుడిచింది. నేను మసక కళ్లతో ఆ చేతులనే చూస్తూ పడుకున్నాను. చేవెళ్ల దవాఖాన ఇంకా ఎంతో దూరం ఉంది. ఎడ్లు కూడా తిండి లేక బక్కచిక్కి ఉన్నాయి. తోలేవాడు ఎంత అదిలించినా పరుగెత్తలేకపోయాయి.

దారంతా దొరసాని ఒకే మాట. "నేనే తీసిన గదనే గేటు. నా చేతులతోనే తీసిన గదనే."

అవ్వ పెదవులు కదిలాయి. "తీసినవు" అంది. ఊపిరి అందక ఆగింది. "ఇంకెవలు తీస్తుండె, దొరసానీ?"

అదే ఆఖరి మాట. దవాఖాన మెట్ల దాకా ప్రాణం ఉందో లేదో నాకు తెలియదు. లోపలికి తీసుకుపోయిన డాక్టరు వెంటనే బయటికి వచ్చాడు. దొరసాని ఆయన ముఖం చూసి, ఆసుపత్రి వరండాలో అందరి ముందూ నేల మీద కూర్చుని, తన ఇంటి మనిషి పోయినట్టు రొమ్ము కొట్టుకుంది.

మేం బతికాం. అయ్యగారు బతికాడు. తిన్నవాళ్లంతా బతికారు, గటుక లేకుండా కడుపునిండా కూర తిన్న అవ్వ తప్ప.

పట్నం నుంచి చిన్న పటేలు వచ్చి మా వాకిలి దగ్గర చాలాసేపు తల వంచుకుని నిలబడ్డాడు. "నాకు తెలిస్తే మందు కొట్టియ్యకపోదును" అన్నాడు. ఏం తెలిస్తేనో చెప్పలేదు. ఆ వారమే తీగ మీద ఇంకో వరుస తీగ కట్టించి, పుర్రె బొమ్మ ఉన్న బోర్డు పెట్టించాడు. అది మా మంచికే పెట్టాడని ఇప్పుడు అనుకుంటాను. దొరసాని మాత్రం ఆ తర్వాత అరుగు దాటి రాలేదు. నేను పట్నంలో నర్సు ట్రైనింగులో ఉండగా పోయిందని తెలిసింది.

మరుసటేడు వాన బాగా పడింది. చేలన్నీ తుమ్మి పూసి తెల్లబడ్డాయి. వాడ ఆడవాళ్లు కొంగులు బిగించి గట్టు దాకా పోయి, నిలబడి, తిరిగి వచ్చారు. ఏ చేనులో ఏం కొట్టారో ఎవరికి తెలుసు? చెల్లె అలవాటుగా ఒక చిగురు గిల్లితే, అమ్మ దాని చేతి మీద గట్టిగా కొట్టి, ఆ చేతిని పట్టుకుని ఏడ్చింది. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఆకు అన్నది పొయ్యెక్కలేదు. అమ్మ ముట్టలేదు. మమ్మల్ని ముట్టనివ్వలేదు. కూరకు పోదాం అనే మాట వాడలో దానంతట అదే ఆగిపోయింది.

అంగూరు తోట కూడా ఎక్కువ కాలం నిలవలేదు. బోర్లు ఎండాయి, తీగలు మాడాయి. తర్వాత పూలతోటలు వచ్చాయి, టమాటాలు వచ్చాయి, ఫామ్‌హౌసులు వచ్చాయి. అంతటా ఒకేలా పచ్చగా ఉండేది. బస్సులో పోతూ చూసినవాళ్లు ఎంత బాగుందో అనుకునేవాళ్లు. కూరకు పోయేవాళ్లు లేకపోయేసరికి గుండ్ల కింది చెలక, చిత్తడి చేను, ఒంటితాటి చెలక అని పిలిచేవాళ్లు కూడా లేకుండా పోయారు. నాకు పేర్లు గుర్తున్నాయి. నా పిల్లలకు అవి కూడా తెలియవు. భయంతో నేనే నేర్పలేదు, మా అమ్మ నాకు మాన్పించినట్టే. ఎవరిని అనాలి?

అమ్మ తన చివరి ఏడాది మొయినాబాదులో నా దగ్గరే ఉంది. తిండి మానేసింది. ఏది అడిగితే అది పెట్టండి అన్నాడు డాక్టరు. నేను రోజూ అడిగేదాన్ని, అమ్మ రోజూ తల అడ్డంగా ఊపేది. ఒకరోజు పొద్దున మాత్రం కళ్లు తెరిచి చూసింది.

"తుమ్మికూర తినబుద్ధయితున్నది బిడ్డా."

చెవులను నమ్మలేకపోయాను. చిన్నప్పటి నుంచి ఆ పేరు ఆమె నోట వినలేదు. ఇంకోసారి అడగకుండా చెప్పులేసుకుని బయటపడ్డాను. తెలిసిన పిల్లాడి ఆటో ఎక్కి ముందు అజీజ్‌నగర్ వైపు పోయాను. పొడుగునా గోడలే. ఒక గేటు సందులోంచి పచ్చిక కనిపించింది. వాచ్‌మెన్ మంచివాడే.

"తుమ్మి గిట్ల ఉండదమ్మా. ఉత్తగ మొలిసినయి ఉంచరు. కొనుక్కొచ్చినయే ఉంటయి. మీరు జర పక్కకు జరుగుండ్రి, కెమెరాల పడ్తరు."

చేవెళ్ల వైపు బంతితోటలో ఒక రైతు ఉన్నాడు. గట్టు మీద తుమ్మి కనిపించి వంగబోయాను. ఆయన చేతులు అడ్డం పెట్టాడు. "వద్దు పెద్దవ్వా. మందు వడ్డది. నీకిచ్చి నేను పాపం కట్టుకోను." గుట్ట దగ్గరికి పోతే కంచె, బోర్డు. రోడ్డు పక్క మోరీ ఒడ్డున నిజంగానే ఒక మొక్క ఉంది, తెల్లపూలతో, లేతగా. మోకాళ్ల మీద వంగి పట్టుకున్నాను. దాని మొదట్లో నల్లటి నీళ్లు, నూనె తెట్టు. వదిలేశాను. ఆటో పిల్లాడు, "ఏమయిందమ్మా, ఎందుకేడుస్తున్నరు? గడ్డి కోసమా?" అన్నాడు. వాడికి ఏం చెప్పను? కనుచూపు మేరా పచ్చగా ఉన్న ఆ నేల మీద, చావబోయే ముసలిదానికి పిడికెడు ఆకు తెచ్చే చోటు లేదు. బజారులో కూరగాయల ఆమె, "తుమ్మికూరనా? వినాయక చవితికి రాండ్రి, అప్పుడు తెస్తం" అని నవ్వింది.

తోటకూర కట్ట కొనుక్కొచ్చాను. ఎండుమిర్చి నలిపి, వెల్లుల్లి దంచి, గుప్పెడు జొన్నపిండి కలిపి వండాను. దిండ్లు ఎత్తుపెట్టి అమ్మను కూర్చోబెట్టి చిన్న ముద్ద నోట్లో పెట్టాను. అమ్మ చాలాసేపు నమిలింది.

"ఎవరి చేన్ల తెంపినవ్ బిడ్డా?"

ఏదో ఒక పేరు చెప్పవచ్చు. ఆమెకు ఇక ఏ చేనూ చూసే రోజు లేదు.

"తెంపలేదమ్మా. కొన్న. ఇది తోటకూర."

"అంతట తిరిగినవా?"

"తిరిగిన."

"ఎవ్వలు రానియ్యలేదా?"

నేను తల వంచుకుని గిన్నెలో చేత్తో కలుపుతూ కూర్చున్నాను. అమ్మ కొంచెంసేపు ఊపిరి కూడదీసుకుంది.

"ఆమె ఉంటే తీస్తుండె" అంది.

అవ్వ పోయిన రోజు నుంచి మా ఇంట్లో దొరసాని మాట ఎత్తినవాళ్లు లేరు. అమ్మ గుండెలో ఆమె మీద ఇన్నేళ్లూ పగ ఉందనే అనుకున్నాను. నేనేదో అనబోయాను. అమ్మ అప్పటికే నోరు తెరిచింది, ఇంకో ముద్ద పెట్టమని.